థీమ్ పార్కుకు ఎప్పుడు పోవాలి? నల్లగొండ, పాలమూరు కుటుంబాల కోసం తేదీ ఎంచుకునే పద్ధతి

సెలవులిచ్చారు కదా అని బయల్దేరిన కుటుంబానికి పార్కులో ముందుగా కనిపించేది క్యూ. టికెట్టు అదే, రైడ్లు అవే. మే నెలలో ఓ ఆదివారం పోయినవాళ్లు పొద్దంతా నిలబడి నాలుగైదు రైడ్లతో సరిపెట్టుకుంటారు. జులై మొదట్లో ఓ గురువారం పోయినవాళ్లు నచ్చిన రైడు దిగి, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ అదే ఎక్కుతారు. ఈ తేడా అంతా తేదీ ఎంచుకోవడంలోనే ఉంది.

మన దక్షిణ తెలంగాణ నుంచి ఎక్కువమంది పోయేవి రెండు. విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర 1996 నుంచి నడుస్తున్న రామోజీ ఫిల్మ్ సిటీ ఒకటి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లా రెండోది. కింద చెప్పే పద్ధతి ముఖ్యంగా ఈ రెండింటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. జలవిహార్, మౌంట్ ఒపేరా లాంటి వాటికీ పనికొస్తుంది.

కావలసినవి మూడే: గోడకు వేలాడే తిథులున్న క్యాలెండరు, ఒక పెన్ను, పిల్లల స్కూలు వాళ్లిచ్చిన పరీక్షల పట్టిక. మంచిరోజు వెతకడం కష్టం. పనికిరాని రోజులు కొట్టేసుకుంటూ పోతే మిగిలేవే మంచిరోజులు.

1. ముందు పార్కు, తర్వాత నెల

చాలామంది ముందు తేదీ అనుకుని తర్వాత ఎక్కడికి పోవాలో ఆలోచిస్తారు. అక్కడే తప్పుతుంది. రామోజీ నడిచే పార్కు, వండర్‌లా తడిసే పార్కు. ఒకదానికి బాగున్న నెల రెండోదానికి బాగుండదు.

రామోజీ 1,600 ఎకరాలకు పైనే ఉంటుంది. టికెట్ కౌంటర్ నుంచి లోపలికి వాళ్ల బస్సుల్లోనే తీసుకుపోతారు. స్టూడియో టూరు కూడా పక్కలు తెరిచి ఉన్న బస్సుల్లోనే. బస్సు దిగిన ప్రతిచోటా నడక ఉంటుంది. తోటలు, సెట్టింగులు, ఆరుబయట జరిగే షోలు, అన్నీ ఎండకో వానకో ఎదురుగా ఉండేవే. కాబట్టి రామోజీకి చలికాలం కావాలి.

వండర్‌లాలో సగం సరదా నీళ్లలోనే. ఒళ్లు తడిసిన మనిషికి 34, 35 డిగ్రీల ఎండ హాయిగా ఉంటుంది, 26 డిగ్రీల గాలి వణికిస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం ఒంటిగంటకు అలల కొలనులోకి దూకిన పిల్లలు మూడున్నరకల్లా పెదాలు నీలంగా మారి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని గట్టున కూర్చుంటారు. మిగతా రోజంతా వాళ్లకు చలి, మీకు వాళ్ల గొడవ. నీటి పార్కుకు చలికాలం వద్దు. ఫిబ్రవరి చివరి నుంచి జులై చివరి వరకు చూసుకోవాలి, అందులోనూ నడి ఎండాకాలం తీసేయాలి.

అరవై దాటిన పెద్దలు, నడవలేనివాళ్లు వెంట ఉంటే వాళ్ల పార్కు రామోజీయే, వాళ్ల నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. ఇందులో రాజీ పడొద్దు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను మే నెలలో రామోజీకి తీసుకుపోతే ఆమెకు కాఫీ అంగడి నీడ తప్ప మరేమీ గుర్తుండదు.

2. ఎండ, వాన కొట్టేయాల్సిన రోజులు

ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా రామోజీని మొత్తం కొట్టేయండి. నల్లగొండ, మిర్యాలగూడ వైపు 43, 44 డిగ్రీలు మనకు అలవాటే అనుకోవచ్చు. కానీ ఇంట్లో మనం ఆ సమయంలో బయటికి రాం కదా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ 8 దాకా ఉండే ఆ రోజుల్లో పన్నెండు నుంచి మూడున్నర మధ్య ఆరుబయట నడవడం పిల్లలకు, పెద్దలకు ఇద్దరికీ ప్రమాదం.

నీటి పార్కులో ఇదే ఎండ ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. నీళ్లలో ఉన్నంతసేపు వేడి తెలియదు, దాహమూ వేయదు. చర్మం మాత్రం కాలుతూనే ఉంటుంది. రాత్రి ఇంటికొచ్చాక భుజాలు, ముక్కు మంటెక్కుతాయి. ఒక రైడు నుంచి ఇంకో రైడుకు ఉత్త కాళ్లతో నడవాలి. ఒంటిగంట ఎండకు నేల పెనంలా కాలి, పిల్లలు తడి ఉన్న చోటు వెతుక్కుంటూ గెంతుతూ పోతారు. మే తప్ప వేరే దారి లేకపోతే గంటకోసారి నీళ్లు తాగించాలి, చేతుల నిండా ఉండే నైలాన్ చొక్కా వేయాలి, ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి రెండు చొప్పున పెట్టుకోవాలి.

ఏప్రిల్, మే సాయంత్రాలకు ఇంకో గుణం ఉంది. పగలంతా మండి, నాలుగు తర్వాత ఈదురుగాలి, ఉరుములు. ఉరుములు, గట్టి గాలి వస్తే ఎత్తు రైడ్లను, నీటి రైడ్లను కూడా ఆపేస్తారు. ఇది భద్రత కోసం చేసేది, బతిమాలితే తెరిచేది కాదు. అందుకే ఈ రెండు నెలల్లో పోతే పెద్ద రోలర్ కోస్టర్‌ను సాయంత్రానికి వదలకండి. గేటు తెరవగానే ముందు అదే ఎక్కేయండి.

వానాకాలాన్ని అందరూ గుత్తగా కొట్టేస్తారు. అది తొందరపాటు. జూన్ రెండో వారంలో నైరుతి వచ్చాక ఎండ తగ్గుతుంది, మబ్బు కమ్ముతుంది, కానీ నీళ్లలో దిగితే చలి వేసేంత చల్లబడదు. ఎలాగూ తడవడానికే పోతున్నప్పుడు చినుకుల వల్ల పోయేదేమీ లేదు. అల్పపీడనం పడి రెండు మూడు రోజులు ముసురు పట్టినప్పుడు మాత్రం మానుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ ముసుర్లు ఎక్కువ, పైగా జ్వరాల కాలం. రామోజీకి జులై నుంచి అక్టోబరు మొదటి వారం దాకా వద్దనే మా మాట. షో మధ్యలో వాన పడితే టికెట్టు డబ్బులు రావు.

3. ఊరంతా వచ్చే రోజులు

ఇక్కడ మన సెలవులే కాదు, ఎదుటివాళ్ల సెలవులు కూడా చూడాలి. రామోజీ విజయవాడ హైవే మీద ఉంది కాబట్టి ఆంధ్ర జిల్లాల దసరా, సంక్రాంతి సెలవులు కూడా అక్కడి జనంలో కనిపిస్తాయి. వండర్‌లా వారాంతపు రద్దీ చాలావరకు హైదరాబాద్ ఉద్యోగులది.

కొట్టేయాల్సినవి ఇవి: ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11 దాకా ఉండే బడి సెలవుల్లోని ప్రతి శని, ఆదివారం. జూన్ 2 రాష్ట్ర అవతరణ దినం. ఆగస్టు 15, దాని పక్కన శనో ఆదివారమో కలిస్తే ఆ మొత్తం. దసరా తర్వాత మూడు నాలుగు రోజులు. డిసెంబరు 24 నుంచి జనవరి 2 వరకు. మన రాష్ట్రంలో డిసెంబరు 26 కూడా సెలవే కావడంతో క్రిస్మస్‌కు వరసగా రెండు రోజులు దొరుకుతాయి. జనవరి 26. రంజాన్ పండుగ, దాని మర్నాడు. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేడు తేదీ ఈ ఏడు పనికిరాదు.

తెలుగు పండుగలదీ అదే తంతు. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం కలవడంతో అక్టోబరు 20కి జరిగింది. ఆ అక్టోబరు 20 అంతకుముందు ఏడు దీపావళి. చుట్టాలు "మేం అక్టోబరు మూడో వారంలో పోయినం, అసలు జనమే లేరు" అంటే ఏ సంవత్సరమో అడగండి.

హైదరాబాద్‌లో ఆషాఢం బోనాల ఆదివారాలు, వినాయక నిమజ్జనం రోజు నగరంలో రోడ్లు మళ్లిస్తారు. పార్కులు రెండూ ఊరి బయటే ఉన్నా, నగరంలో బంధువుల ఇంట్లో బస చేసేవాళ్లకు ఇది తగులుతుంది.

జనం లేరనుకుని పోయి దెబ్బతినే కాలం ఒకటుంది: నవంబరు, డిసెంబరు నెలల్లో మామూలు పనిదినాలు. వాతావరణం చల్లగా ఉంటుంది, సెలవులేవీ లేవు, ఖాళీగా ఉంటుందనిపిస్తుంది. ప్రైవేటు స్కూళ్ల విహారయాత్రలు సరిగ్గా అప్పుడే. పొద్దున తొమ్మిదిన్నరకు పార్కింగులో పసుపు బస్సులు వరసగా ఆగి, ఒక్కో దాంట్లోంచి యాభై మంది దిగుతుంటే మీ ముందున్న క్యూ ఒక్కసారిగా సాగిపోతుంది. దీనికి విరుగుడు ఉంది. స్కూలు పిల్లలు గుంపుగా కదులుతారు, ఎక్కువగా గేటు దగ్గరి రైడుతో మొదలుపెడతారు, మధ్యాహ్నం ఒకేసారి అన్నానికి కూర్చుంటారు, చీకటి పడకముందే బస్సెక్కుతారు. మీరు లోపలికి పోగానే దూరంగా ఉన్న చివరి రైడు నుంచి మొదలుపెట్టండి. వాళ్లు తినేటప్పుడు మీరు ఎక్కండి, రెండింటికి మీరు తినండి.

4. మీ ఇంటి క్యాలెండరు

వ్యవసాయం ఉన్న ఇళ్లకు పార్కుల మంచి నెలలు, పొలం పని నెలలు ఒకదానిమీద ఒకటి పడతాయి. జూన్ చివర విత్తనాలు, జులైలో నాట్లు, అక్టోబరు నుంచి పత్తి ఏరడం, నవంబరులో వరికోతలు. నాగార్జునసాగర్ ఆయకట్టులో, కోయిల్‌సాగర్ కింద రెండు పంటలు వేసేవాళ్లకు నిజంగా తీరిక దొరికేది సంక్రాంతి తర్వాత యాసంగి నాట్లు అయిపోయిన ఫిబ్రవరిలోనే. ఆ నెల రామోజీకి దివ్యంగా ఉంటుంది. వండర్‌లాకూ ఫిబ్రవరి చివరి వారం సరిపోతుంది.

పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా ఆ మాటే ఎత్తొద్దు. వాళ్ల పరీక్షలయ్యాక, బడి సెలవులు మొదలయ్యేలోపు దొరికే పనిదినాలు చూడండి. హాల్ టికెట్టు పారేయకండి. పరీక్షలు రాసిన పిల్లలకు దాన్ని చూసి వండర్‌లా తగ్గింపు ఇచ్చిన సంవత్సరాలున్నాయి. కాలేజీ గుర్తింపు కార్డు మీదా విద్యార్థి తగ్గింపు ఉంటుంది.

చిన్న తరగతుల పిల్లలే ఉంటే మార్చి మొదటి పక్షం మీకు వరం లాంటిది. ఊరంతా పరీక్షల హడావుడిలో ఉంటుంది, మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కూడా మొదలవుతాయి. ఎండ 35 దాటినా ఇంకా కొరకదు. నీటి పార్కుకు ఇంతకంటే ఖాళీ రోజులు అరుదు.

వండర్‌లాలో పిల్లల టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, 140 దాటితే పెద్దల టికెట్టే. పెద్ద రైడ్లకు కూడా ఎత్తు నియమం ఉంటుంది. బడి వయసు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే ఇప్పుడు 136 ఉన్న పిల్లవాడు వచ్చే ఏడు ఇదే రోజుకు 140 దాటతాడు. వాడి గోల అంతా పెద్ద రోలర్ కోస్టర్ గురించే అయితే ఓ ఏడాది ఆగడమే మంచిది, లేకపోతే దాని ముందు నిలబడి ఏడుస్తాడు. నీళ్లలో ఆడితే చాలనుకునే పిల్లయితే ఈ ఏడే పోయి పిల్లల టికెట్టుతో బయటపడొచ్చు. చెప్పులు విప్పి, గోడకు ఆనించి, తలమీద అట్ట పెట్టి గీత గీసి కొలవండి.

నీటి పార్కుకు తేదీ అనుకునేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ల నెలసరి రోజులు అడిగి పెట్టుకోండి. మగవాళ్లు తేదీ ఖాయం చేసి చివర్లో చెప్పడం వల్ల ఒకరు రోజంతా బ్యాగుల కాపలా ఉండాల్సి వస్తుంది.

5. నెల కంటే వారం ముఖ్యం

ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుంచుకోండి. బాగాలేని నెలలో బుధవారం, బాగున్న నెలలో ఆదివారం కంటే మేలు. వండర్‌లాలో పనిదినాల టికెట్టు వారాంతం కంటే తక్కువ ధర కూడా.

శనివారం, ఆదివారం ఎలాగూ పోయాయి. అందులో రెండో శనివారం మరీ ఘోరం, ఆఫీసులకు, బడులకు, బ్యాంకులకు ఒకేసారి సెలవు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి నగరం జనం మొదలవుతారు. సోమవారం పర్వాలేదు గానీ, ఇంకో రోజు నెహ్రూ జూ పార్కు కూడా చూపించాలని రెండు రోజులు పెట్టుకునేవాళ్లు జూను సోమవారానికి పెట్టుకోవద్దు, ఆ రోజు దానికి సెలవు. మిగిలినవి మంగళ, బుధ, గురువారాలు.

ఇంట్లో పెద్దలు వారశూల చూసేవాళ్లయితే మంగళ, బుధవారాల్లో ఉత్తరం దిక్కుకు ప్రయాణం వద్దంటారు. పాలమూరు నుంచి హైదరాబాద్ ఈశాన్యంగా, అంటే ఉత్తరం వైపే పడుతుంది. వాదించడం ఎందుకు, గురువారం పెట్టుకోండి. పార్కు లెక్కలోనూ గురువారం మంచిదే.

పిల్లలకు ఒక్కరోజు బడి మానిపించాలా అని అడిగితే, పరీక్షలు లేని వారంలో మానిపించమనే చెబుతాం. ఆ ఒక్కరోజు పాఠం రెండు సాయంత్రాల్లో దిద్దుకోవచ్చు. ఆదివారం క్యూలో పోయిన రోజు తిరిగి రాదు, టికెట్టు డబ్బులూ రావు.

6. రోడ్డు ఎటు పారుతుందో చూడండి

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా రామోజీకి 75 కిలోమీటర్ల పైచిలుకు, దారిలో పంతంగి టోల్‌గేటు. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లకు దానికి ముందు కొర్లపహాడ్ టోల్ కూడా ఉంటుంది. 24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఒక్కరోజు ప్రయాణానికి ఇది కలిసొచ్చేదే.

ఈ రోడ్డుకు సంక్రాంతి ముందు, తర్వాత రెండు ముఖాలు. జనవరి 10 నుంచి 13 దాకా నగరం మొత్తం విజయవాడ వైపు కదులుతుంది. మీరు పొద్దున హైదరాబాద్ వైపు పోయేటప్పుడు రోడ్డు ఖాళీ, "అబ్బ, ఎంత బాగుంది" అనుకుంటారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పంతంగి దగ్గర ఎర్రలైట్ల వరస కనపడనంత దూరం సాగి ఉంటుంది, పిల్లలు నిద్రలో, డ్రైవరు క్లచ్ మీద. 16 నుంచి 19 వరకు ఇది తిరగబడుతుంది. పోయేటప్పుడు చౌటుప్పల్ దగ్గరే రెండు గంటలు పోతే పార్కు టికెట్టులో ముప్పావు వంతే మిగిలినట్టు. నల్లగొండ, సూర్యాపేట జిల్లాలవాళ్లు జనవరి 9 నుంచి 19 వరకు మొత్తం కొట్టేయడమే తేలిక. పాలమూరు వాళ్లకు 44వ నంబరు హైవే మీద ఈ బాధ అంతగా ఉండదు.

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ దాటి, శంషాబాద్ దగ్గర అవుటర్ ఎక్కి రావిర్యాలలో దిగితే సుమారు 100 కిలోమీటర్లు. కల్వకుర్తి, అచ్చంపేట వాళ్లకు శ్రీశైలం హైవే నేరుగా తుక్కుగూడ చేరుస్తుంది, అక్కడి నుంచి వండర్‌లా పక్కనే. దేవరకొండ వాళ్లు మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగులూరు దగ్గర అవుటర్ ఎక్కి తర్వాతి దారిలో దిగడం దగ్గర.

ఆగస్టు, సెప్టెంబరుల్లో సాగర్, శ్రీశైలం గేట్లు ఎత్తారంటే ఈ రెండు రోడ్లూ మారిపోతాయి. నగరం నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రం తిరిగి పోయే రద్దీ అది, కాబట్టి మీరు ఎప్పుడూ దానికి ఎదురే. సమయం పెద్దగా పోదు. కానీ రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా ఓవర్‌టేక్ చేసుకుంటూ వచ్చే బండ్లు ఎక్కువ. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఉండకుండా ఐదింటికే పార్కు వదలండి.

జాతరలు మర్చిపోవద్దు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2023, 2025లో జరిగింది. ఆ రోజుల్లో సూర్యాపేట దగ్గర హైవే మీది బండ్లను మళ్లిస్తారు. సరి సంవత్సరాల్లో మేడారం జాతర. అది మన రోడ్డు కాదు, కానీ ఆర్టీసీ బస్సులు అటు తరలిపోతాయి, కిరాయికి తుఫాన్ జీపులు దొరకవు. దొరికినా రేటు వేరుగా ఉంటుంది.

బస్సులో పోయేవాళ్లకు: 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఖర్చు తగ్గింది, ఆదివారం సీటు దొరకడమూ తగ్గింది. వారం మధ్యలో పోవడానికి ఇదింకో కారణం.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున రెండు హైవేల మీదా మంచు కమ్ముతుంది. ఆరింటికి ముందు బయల్దేరొద్దు. ఏడున్నరకు పొగమంచు విడిచాక పోయినా నష్టం లేదు.

గద్వాల, అలంపూర్ వాళ్లకు ఒక్కరోజులో వెళ్లి రావడం ఒళ్లు హూనం. ముందురోజు రాత్రికి శంషాబాద్ చేరి పడుకోండి.

7. ఇక మిగిలినవి

ఇన్ని కొట్టేశాక క్యాలెండరులో తెల్లగా మిగిలేవి ఇవే.

రామోజీకి మొదటి ఎంపిక జనవరి 20 నుంచి ఫిబ్రవరి 20 వరకు, రిపబ్లిక్ డే తీసేసి, మంగళ, బుధ, గురువారాలు. పగలు 30 డిగ్రీల ప్రాంతంలోనే, ఆకాశం తేటగా, తోటలు పూలమీద ఉంటాయి. రెండో ఎంపిక దీపావళి అయిన వారం నుంచి డిసెంబరు 15 వరకు, స్కూలు బస్సులకు సిద్ధపడి. కార్తీకమాసం ఆదివారాలు వనభోజనాల బండ్లతో రోడ్డు నిండుతుంది, వాటిని వదిలేయండి. దీపాలంకరణ, రాత్రి కార్నివాల్ చూడాలన్నదే కోరికయితే లెక్క మారుతుంది. అవి దసరా, దీపావళి, డిసెంబరు చివర, వేసవి సెలవుల్లోనే పెడతారు. జనం ఉంటారని తెలిసే పోవాలి, అయినా వారం మధ్యలోనే.

వండర్‌లాకు మొదటి ఎంపిక జూన్ 16 నుంచి జులై 20 వరకు. బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలతో జనం జేబులు ఖాళీ, పార్కు కూడా ఖాళీ. రెండో ఎంపిక మార్చి మొదటి పక్షం, హోలీ వదిలేసి.

వేసవి సెలవుల్లోనే తీసుకుపోవాలి, ఇంకో దారే లేదు అనేవాళ్లకు రెండు మార్గాలు. ఒకటి, సెలవులిచ్చిన మొదటి వారంలోనే మంగళ, బుధవారాల్లో పోవడం. అప్పటికి జనం పెళ్లిళ్లు, అమ్మమ్మ ఊళ్ల హడావుడిలో ఉంటారు. రెండోది బెంగళూరు. కర్ణాటకలో బడులు మే చివరికో జూన్ ఒకటికో తెరుచుకుంటాయి. మనకు జూన్ 11 దాకా సెలవులే. ఆ పది రోజుల్లో మన పిల్లలకు తీరిక, అక్కడి పిల్లలు బడిలో. మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న వండర్‌లా అప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది, ఎండా మనకంటే చాలా తక్కువ. కాచిగూడ నుంచి బెంగళూరు పోయే వందే భారత్ మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. కారైతే 44వ నంబరు హైవే నేరుగా తీసుకుపోతుంది.

8. టికెట్టు కొనే ముందు

తేదీ అనుకున్నాక పార్కు వెబ్‌సైటులో మూడు సంగతులు చూడండి: ఆ రోజు ఎన్నింటికి తెరిచి ఎన్నింటికి మూస్తారు, ఏ రైడ్లు మరమ్మతులో ఉన్నాయి, తేదీ మార్చుకునే వీలుందా. జనం తక్కువ ఉండే నెలల్లోనే పెద్ద రైడ్లను విప్పి చూస్తారు. ఖాళీ రోజు ఎంచుకున్నందుకు చెల్లించే మూల్యం ఇదొక్కటే. మీ పిల్లలు ఏ రైడు కోసం కలలు కంటున్నారో అది మూసి ఉంటే వారం జరపండి. రామోజీలో షూటింగు ఉంటే కొన్ని సెట్లు చూపించరు, దానికి ఏమీ చేయలేం.

నీటి రైడ్లు పార్కు తెరిచిన వెంటనే మొదలు కావు, మూసే వేళకు ముందే ఆపేస్తారు. ఆ మధ్య సమయాన్ని బట్టి రోజును పంచుకోండి. గేటు తెరవగానే పొడి రైడ్లు, నీళ్లు వదలగానే అటు, చివరి గంట మళ్లీ పొడి రైడ్లు. చలికాలంలో పొద్దు తొందరగా గుంకుతుంది. నవంబరు చివర్లో సూర్యాస్తమయం 5.40కే, జూన్ చివర్లో 6.50 ప్రాంతంలో. ఒకే టికెట్టుకు గంటకు పైగా వెలుతురు తేడా.

కాటన్ బట్టలు, చీరలు, చుడీదార్లతో నీటి రైడ్లలోకి రానివ్వరు, నైలాన్ లేదా పాలిస్టర్ కావాలి. లోపల కొంటే ఖరీదెక్కువ. జూన్ మొదట్లో కొత్త స్కూలు బట్టలు కొనేటప్పుడే ఊళ్లో కొని పెట్టుకోండి. బయటి తిండి వండర్‌లా లోపలికి తీసుకుపోనివ్వరు. సర్వపిండి, పులిహోర డబ్బాలు బండిలోనే ఉంచి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి తినండి. ఎండాకాలంలో మూసిన కారులో పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది, దాన్ని మాత్రం తేవద్దు.

9. ముందురోజు సాయంత్రం

వాతావరణ శాఖ మౌసమ్ యాప్‌లో జిల్లాలవారీ హెచ్చరిక చూడండి. నల్లగొండది కాదు, రంగారెడ్డి జిల్లాది చూడాలి, రెండు పార్కులూ అక్కడే ఉన్నాయి. పసుపు రంగు ఉంటే పోవచ్చు, గొడుగులు, పొడి బట్టలు ఇంకో జత ఎక్కువ పెట్టుకోండి. నారింజ రంగు ఉండి తేదీ మార్చుకునే వీలుంటే మార్చుకోండి. మార్చుకోలేని టికెట్టయితే పొద్దున ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా లోపలుండండి, ఎందుకంటే మన దగ్గర ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. ఎరుపు ఉంటే ఇంట్లోనే ఉండండి, టికెట్టు పోయినా సరే.

పార్కులో ఉండగా వాన అందుకుంటే చాలామంది గేటు వైపు పరుగెడతారు. అరగంట ఆగండి. అలా పోయినవాళ్లు తిరిగి రారు, వాన వెలిసి రైడ్లు మళ్లీ మొదలయ్యాక క్యూలో మీరే ముందుంటారు.